పాత పేపరులో ఒక్క పేజీ

పాత పత్రికల బైండు తెరవాలంటే రెండు చేతులూ కావాలి. ఎడమ చెయ్యి అట్ట కింద ఆనించి, కుడి చేత్తో పేజీ కింది మూల పట్టుకుని మెల్లగా ఎత్తాలి. తొందరపడితే మూల విరిగి వేళ్ల మధ్యే మిగిలిపోతుంది. న్యూస్‌ప్రింట్ ఒక్క పూట చదివి పక్కన పడేయడానికి తయారైన చవక కాగితం. చెక్క గుజ్జులోని ఆమ్లం ఏళ్ల తరబడి దాన్ని లోపల్నుంచే తినేస్తుంది. డెబ్బై ఏళ్లు గడిచేసరికి కాగితం బెల్లం రంగుకు తిరిగి, అప్పడంలా పెళుసుబారుతుంది. అలాంటి బైండులో తనకు కావలసిన పేజీ దొరికిన సంతోషంతో పాఠకుడు తలెత్తి అడుగుతాడు: "మేడమ్, ఈ ఒక్క పేజీ జెరాక్స్ ఇప్పిస్తారా?"

జవాబు గ్రంథాలయాన్ని బట్టి మారుతుంది. ఒక చోట "జెరాక్స్ కుదరదు బాబూ, కాపీరైట్ ప్రాబ్లమ్ వస్తుంది, కావాలంటే రాసుకోండి" అంటారు. ఇంకో చోట ఫోన్‌తో ఫోటో తీసుకోమంటారు. మరో చోట పేజీకి ఇంత అని తీసుకుని నకలు చేతిలో పెడతారు. అందరికీ వర్తించే చట్టం ఒక్కటే. రాసుకోమని చెప్పేవారి మనసులో చేత్తో రాసుకుంటే తప్పు లేదు, మిషన్ మీద తీస్తేనే తప్పు అన్న నమ్మకం ఉంటుంది. చట్టంలో అలాంటి తేడా లేదు. ఒక రచనను ఏ రూపంలో మళ్లీ తయారు చేసినా అది నకలే. రెండు గంటలు కూర్చుని పెన్సిలుతో నోట్‌బుక్కులోకి ఎత్తిరాసుకున్నదీ నకలే, అర నిమిషంలో యంత్రం తీసిందీ నకలే. మొదటిది చదువు కోసం చేసుకోవచ్చు గనక రెండోదీ చేసుకోవచ్చు.

ఈ గందరగోళానికి లైబ్రేరియన్లను తప్పుపట్టడం అన్యాయం. 1957 నాటి కాపీరైట్ చట్టం పాఠకుడికి హక్కు ఇచ్చింది. ఆ హక్కును అతని చేతికి అందించే మనిషిని మాత్రం గాలికి వదిలేసింది.

చట్టంలో ఏముందో కాస్త ఓపిగ్గా చూడాలి. కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాని పనులన్నిటినీ సెక్షన్ 52 వరసగా చెబుతుంది. అందులో మొట్టమొదటిదే సొంత వాడకం, పరిశోధన. ఆ అవసరాలకు రచనను సబబైన మేరకు వాడుకోవడం తప్పు కాదు. కోర్టు భాషలో దీన్నే ఫెయిర్ డీలింగ్ అంటారు. ఒక పత్రికలో ఒక వ్యాసాన్ని చదువుకోవడానికి నకలు తీసుకునే పాఠకుడు ఈ నీడలో నిశ్చింతగా నిలబడవచ్చు. మరి ఆ నకలు తీసి ఇచ్చిన లైబ్రేరియన్ సంగతి? అదే సెక్షన్‌లో గ్రంథాలయాల పేరెత్తిన నిబంధనలు కొన్ని ఉన్నాయి. వ్యాపార దృష్టి లేని ప్రజా గ్రంథాలయం తన అవసరానికి ఒక పుస్తకాన్ని మూడు నకళ్లకు మించకుండా తీసుకోవచ్చు, అదీ ఆ పుస్తకం దేశంలో అమ్మకానికి దొరకనప్పుడే. తన దగ్గర కాగితం ప్రతి ఉన్న రచనను భద్రపరచడం కోసం కంప్యూటర్‌లో దాచుకోవచ్చు; ఈ వెసులుబాటు 2012 సవరణతో వచ్చింది. అచ్చుకాని రాతప్రతుల గురించి మరొకటి ఉంది.

ఈ మూడూ కలిపి చదివినా పాఠకుడి ప్రశ్నకు జవాబు రాదు. మొదటి నిబంధన పుస్తకం అంటుంది. కరపత్రం, మ్యాపు, చార్టు, సంగీత స్వరాల ప్రతి కూడా పుస్తకం కిందికే వస్తాయని చేరుస్తుంది గానీ పత్రిక మాట ఎత్తదు. పత్రిక కూడా ఒక రకం పుస్తకమే కదా అని సర్దుకుందామంటే అంతకు మూడేళ్ల ముందే పార్లమెంటు చేసిన ఇంకో చట్టం ఎదురొస్తుంది. ప్రచురణకర్తలు తమ పుస్తకాల ప్రతులను కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మద్రాసు కన్నెమరా లాంటి గ్రంథాలయాలకు విధిగా పంపాలన్న 1954 చట్టం మొదట పుస్తకాలకే పరిమితం. 1956లో పత్రికలను విడిగా చేర్చాల్సి వచ్చింది. రెండూ ఒకటే అయితే ఆ సవరణ అవసరం ఉండేది కాదు. పైగా ఆ మూడు నకళ్లూ గ్రంథాలయం వాడకానికే తప్ప అడిగిన పాఠకుడికి ఇవ్వడానికి కాదు.

ఇక సెక్షన్ 63. తెలిసి కాపీరైట్ ఉల్లంఘిస్తే 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు కోర్టు ప్రత్యేక కారణాలు చూపి శిక్ష తగ్గించవచ్చు. ఈ నేరం పోలీసులు నేరుగా కేసు పెట్టదగినదనీ, బెయిలు హక్కుగా రానిదనీ 2022 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక వ్యాసం జెరాక్స్‌కు ఎవరూ జైలుకు పంపరని లాయరుగారు ధైర్యం చెప్పవచ్చు. జిల్లా గ్రంథాలయ సంస్థలో జీతం మీద బతికే చిన్న ఉద్యోగి ఆ నోటిమాటను నమ్ముకుని నకలు మీద ముద్ర వేయలేరు. వాళ్లకు కావలసింది రాతపూర్వకమైన భరోసా.

నకలు అడిగేవారు ఎవరు? పీహెచ్‌డీ విద్యార్థులు ఒక వంతు. గ్రూప్స్‌కు తయారయ్యేవాళ్లకు సంపాదకీయ పేజీలు కావాలి. తాతగారు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన వార్త కోసం మనవలు వస్తారు. భూమి తగాదాలో పడినవాళ్లు ఎప్పుడో పేపర్లో వేయించిన ప్రకటన వెతుక్కుంటారు. (కోర్టు వ్యవహారం కోసం నకలు తీసుకోవడం ఉల్లంఘన కాదని చట్టమే విడిగా చెప్పింది. ఈ సంగతి చాలా కౌంటర్ల దగ్గర తెలియదు.) వీళ్లలో ఎవరూ పత్రిక కొనకుండా ఎగ్గొట్టడానికి వచ్చినవాళ్లు కారు. వాళ్లకు కావలసిన ఆ రోజు పేపరు ఏ దుకాణంలోనూ దొరకదు.

ఒక ఉదాహరణ తీసుకుంటే చిక్కు ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. 1952 డిసెంబర్ 15న పొట్టి శ్రీరాములు నిరాహారదీక్షలో ప్రాణం విడిచారు. ఆ వారం ఆంధ్రప్రభ సంచికల్లో ఒక పేజీ నకలు కావాలని ఒక విద్యార్థి అడిగాడనుకుందాం. పేజీలో పేరులేని వార్తలున్నాయి, సంపాదకీయం ఉంది, సంతకంతో ఒక వ్యాసం ఉంది, ఒక ఫోటో ఉంది. రచయిత పేరు లేని రచనకు అచ్చయిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు కాపీరైట్. కాబట్టి ఆ వార్తలు 2013 జనవరి 1 నుంచి అందరి సొత్తు. సంతకం ఉన్న వ్యాసానికి ఆ రచయిత మరణించిన ఏడాది ముగిశాక 60 ఏళ్లు లెక్కపెట్టాలి. ఆయన ఎవరో, ఎప్పుడు పోయారో లైబ్రేరియన్‌కు ఎలా తెలుస్తుంది? సంపాదకీయం కింద పేరుండదు. కానీ ఆనాటి ఆంధ్రప్రభ సంపాదకుడు నార్ల వెంకటేశ్వరరావు అని తెలుగునాట తెలియనివారు లేరు. పేరులేని రచన కింద లెక్కిస్తే అది ఎప్పుడో విడుదలైంది. నార్ల రచనగా రుజువైంది కాబట్టి ఆయన మరణించిన 1985 నుంచి లెక్కించాలని ఎవరైనా వాదిస్తే 2045 డిసెంబర్ 31 దాకా ఆగాలి. ఫోటోది ఇంకో కథ. ఒకప్పుడు ఫోటోలకు అచ్చయిన నాటి నుంచి 60 ఏళ్లే గడువు. 2012లో ఆ సెక్షన్ ఎత్తేసి, తీసినవారి జీవితకాలం మీద 60 ఏళ్లు చేశారు.

ఒకే పేజీ మీద నాలుగు గడియారాలు నడుస్తున్నాయి. న్యాయశాస్త్రం చదివినవారికే తల తిరిగే ఈ లెక్కను సాయంత్రం ఐదింటికి తాళం వేయాల్సిన లైబ్రేరియన్ నెత్తిన పెట్టడం ఏం న్యాయం?

అయితే లెక్క తేలికగా తేలే చోట్లు కూడా ఉన్నాయి, వాటినైనా ధైర్యంగా తెరవాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1938లో పోయారు. అప్పటి 50 ఏళ్ల గడువు ప్రకారం ఆయన రాతల మీద 1989 నుంచే ఎవరి హక్కూ లేదు. కృష్ణాపత్రిక ముట్నూరి కృష్ణారావు 1945లో పోయారు, 2006 నుంచి ఆయన సంపాదకీయాలు స్వేచ్ఛగా తీసుకోవచ్చు. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి రాతలు 2014 నుంచి అందరివీ. 1960 దాకా వచ్చిన పేరులేని వార్తలన్నీ 2021కల్లా విడుదలైపోయాయి. ఇంత సంపద ప్రజలదై కూర్చుని ఉంటే "కాపీరైట్" అన్న ఒక్క మాటకు జడిసి బీరువాలో మగ్గబెట్టడం తెలుగు చదువరికి చేస్తున్న నష్టం.

అనుమతి అడిగితే సరిపోతుంది కదా అని కొందరంటారు. ఎవరిని అడగాలి? పత్రికలో జీతానికి పనిచేసే విలేకరి రాసిన వార్తకు, ఎదురు ఒప్పందం లేకపోతే, పత్రికలో వేసుకునే మేరకే యజమాని హక్కుదారు. మిగతా అన్ని విషయాల్లో రాసినవారే మొదటి హక్కుదారు అని సెక్షన్ 17 చెబుతోంది. గ్రంథాలయం పాఠకుడికి ఇచ్చే నకలు పత్రిక ప్రచురణ కాదు. అంటే ఆఫీసుకు ఉత్తరం రాసి తెచ్చుకున్న అనుమతి కూడా చెల్లుతుందో లేదో తెలియదు. మూతపడ్డ పత్రికల విషయంలో ఉత్తరం రాయడానికి చిరునామా కూడా ఉండదు.

ఇతర దేశాలు ఈ ముడిని ఎప్పుడో విప్పుకున్నాయి. బ్రిటన్ చట్టంలో 2014 నుంచి ఉన్న 42ఏ సెక్షన్ ఒక పేజీలో ఇమిడిపోతుంది. లాభాపేక్ష లేని గ్రంథాలయం పాఠకుడికి ఒక సంచికలో ఒక వ్యాసం ఒక నకలు ఇవ్వవచ్చు. పాఠకుడు రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి: తన పేరు, కావలసిన వ్యాసం, ఇది వ్యాపారేతర పరిశోధనకో సొంత చదువుకో మాత్రమేనని, ఇంతకుముందు ఏ గ్రంథాలయం నుంచీ ఇదే నకలు తీసుకోలేదని. రుసుము వసూలు చేస్తే ఖర్చు మేరకే. పాఠకుడు అబద్ధం రాసి ఇస్తే ఆ బాధ్యత పాఠకుడిదే. అబద్ధమని తెలియని లైబ్రేరియన్ మీదికి రాదు. ఒప్పంద పత్రాల్లో ఈ వెసులుబాటుకు అడ్డుగా ఏం రాసుకున్నా చెల్లదు. ఆ ఒక్క హామీ పత్రంతో భయం కౌంటరుకు ఇటువైపు నుంచి అటువైపుకు జరిగింది. నకలును దేనికి వాడతారో తెలిసేది పాఠకుడికే గనక బరువు ఉండాల్సిన చోటూ అదే.

అమెరికా 1976లోనే 108వ సెక్షన్ పెట్టుకుంది. అడిగిన పాఠకుడికి ఒక సంచికలో ఒక వ్యాసం నకలు తీసి సొంతానికి ఇచ్చేయవచ్చు. ఆర్డరు తీసుకునే చోట కాపీరైట్ హెచ్చరిక బోర్డు కనబడాలి. పాఠకులు తామే వాడుకునే జెరాక్స్ మిషన్ మీద హెచ్చరిక అంటించి ఉంటే దాని మీద ఎవరేం తీసుకున్నా గ్రంథాలయానికి బాధ్యత లేదు. ఇది సబబైన వాడకమేనని నమ్మి, నమ్మడానికి తగిన కారణం ఉండి నకలు ఇచ్చిన గ్రంథాలయ ఉద్యోగి మీద చట్టం నిర్ణయించిన పరిహారం వేయకూడదని మరో నిబంధన. ఇదంతా ఊరికే రాలేదు. వైద్య గ్రంథాలయం వ్యాసాల నకళ్లు పంచుతోందని విలియమ్స్ అండ్ విల్కిన్స్ అనే ప్రచురణ సంస్థ ప్రభుత్వం మీదే దావా వేసింది. 1975లో సుప్రీంకోర్టు నలుగురు ఇటు, నలుగురు అటుగా చీలిపోవడంతో గ్రంథాలయానికి అనుకూలంగా వచ్చిన కింది తీర్పే నిలబడింది. అలాంటి అనిశ్చితి మళ్లీ రాకూడదనే మరుసటి ఏడాది చట్టంలో స్పష్టంగా రాసుకున్నారు.

కెనడా తీర్పు మనకు మరీ దగ్గరి చుట్టం, ఎందుకంటే అక్కడి చట్టం కూడా మనలాగే ఫెయిర్ డీలింగ్ అన్న బ్రిటిష్ మాట మీదే నడుస్తుంది. టొరంటోలో ఆస్‌గుడ్ హాల్ అనే భవనంలో లాయర్ల సంఘం నడిపే గ్రేట్ లైబ్రరీ ఉంది. అడిగినవారికి తీర్పుల నకళ్లు తీసి చేతికిచ్చేది, పోస్టులో పంపేది, ఫ్యాక్స్ చేసేది. న్యాయ గ్రంథాల ప్రచురణకర్తలు ముగ్గురు కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా గ్రంథాలయం పక్షాన నిలిచింది. పరిశోధన అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పింది. ప్రతి పాఠకుడూ ఆ నకలును ఏం చేశాడో గ్రంథాలయం నిరూపించనక్కర్లేదు, తన పద్ధతి మొత్తంగా సబబైనదని చూపితే చాలంది. ఆ పద్ధతి ఏమిటి? గ్రేట్ లైబ్రరీ తన విధానాన్ని ముందే కాగితం మీద పెట్టుకుంది: ఏ అవసరాలకు ఇస్తాం, ఎంత మేరకు ఇస్తాం, అనుమానం వస్తే ఎవరు నిర్ణయిస్తారు. ఆ కాగితమే కోర్టులో దాన్ని కాపాడింది.

మన దేశంలోనూ ఈ గాలి వీచింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఉన్న రామేశ్వరి జెరాక్స్ దుకాణం మీద, ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ 2012లో దావా వేశాయి. 2016 సెప్టెంబర్‌లో న్యాయమూర్తి రాజీవ్ సహాయ్ ఎండ్లా దాన్ని కొట్టేశారు. డిసెంబర్‌లో డివిజన్ బెంచి కొన్ని అంశాలను విచారణకు తిప్పి పంపినా, పాఠ్యబోధనకు అవసరమైన మేర నకలు తీయవచ్చన్న మూలసూత్రాన్ని నిలబెట్టింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు దావా ఉపసంహరించుకున్నారు. ఆ తీర్పు బోధనకు సంబంధించింది, పత్రికలకు గానీ ప్రజా గ్రంథాలయాలకు గానీ నేరుగా వర్తించదు. కానీ విద్యార్థి స్వయంగా చేసుకోదగ్గ పనిని అతని కోసం మరొకరు చేసి పెట్టినంత మాత్రాన అది నేరమైపోదన్న ఇంగితం అందులో ఉంది. లైబ్రేరియన్ చేసేది కూడా అంతే.

పత్రికల యజమానుల భయాన్ని తీసిపారేయలేం. రోజూ తెల్లవారేసరికి ఈ-పేపరు మొత్తం పీడీఎఫ్‌గా ఫోన్లలో తిరుగుతుంటే చందా కట్టేది ఎవరు? దైనిక్ జాగరణ్ యాజమాన్యం టెలిగ్రామ్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, 2020 మేలో కోర్టు ఈ-పేపరును పంచుతున్న చానళ్లను తొలగించమని ఆదేశించింది. సరైన ఆదేశమే. పేపరు మొత్తాన్ని, అదే రోజు, లెక్కలేనంత మందికి పంచడం పత్రిక కడుపు కొట్టడం. ఒక సంచికలో ఒక వ్యాసాన్ని, అడిగిన ఒక మనిషికి, చదువు కోసం ఇవ్వడం అలాంటిది కాదు. ఈ రెండింటి మధ్య గీత గీయాల్సిన చట్టం గీయకపోవడం వల్లే రెండోది కూడా దొంగతనంలా కనిపిస్తోంది.

హక్కుల తగాదా ముదిరితే నష్టపోయేది చివరికి చరిత్రే. అమెరికాలో స్వతంత్ర రచయితలు తమ వ్యాసాలను అనుమతి లేకుండా కంప్యూటర్ భాండాగారాల్లో పెట్టారని న్యూయార్క్ టైమ్స్ మీద వేసిన దావాలో 2001లో గెలిచారు. వాళ్ల డిమాండు న్యాయమైనదే, రాసినవారికి డబ్బు రావాలి. కానీ తీర్పు తర్వాత ఆ పత్రిక బేరం తేలని వ్యాసాలను పెద్దయెత్తున భాండాగారాల్లోంచి తీసేసింది. కంప్యూటర్‌లో వెతికేవారికి ఆ రోజుల పత్రికలో చిల్లులు మిగిలాయి. గ్రంథాలయంలో కాగితం ప్రతి, మైక్రోఫిల్మ్ ఉన్నచోటే పత్రిక నిండుగా దొరికింది.

తెలుగువారికి ఈ విషయం ఎవరూ నేర్పనక్కర్లేదు. పడవలో పుస్తకాలు వేసుకుని కాలువ వెంట ఊరూరా తిప్పిన ఉద్యమం మనది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టాయి. ఇలాంటి చోట్ల పేపర్లను బైండు చేయించి దాచినవాళ్ల ఓపిక వల్లే ఆనాటి పత్రికలు ఈ రోజు చూడగలుగుతున్నాం. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా జనం కడుతూనే ఉన్నారు. తాము డబ్బు కట్టి నిలబెట్టిన చోట తమ ఊరి చరిత్ర ఉన్న పేజీ అడిగితే భయపడుతూ ఇవ్వడం, భయపడి ఇవ్వకపోవడం రెండూ తగవు.

పార్లమెంటు సెక్షన్ 52లో ఒక నిబంధన చేర్చాలి. ఒక సంచికలో ఒక వ్యాసం, ఒక పాఠకుడికి ఒక నకలు, హామీ పత్రం మీద, ఖర్చు మేర రుసుముతో. ఆ పత్రాన్ని నమ్మి ఇచ్చిన లైబ్రేరియన్ మీద కేసు ఉండకూడదు. బైండు కదిలిస్తే విరిగిపోయే స్థితిలో ఉంటే స్కాన్ తీసి ఆ స్కాన్‌లోంచి నకలు ఇవ్వడానికి వీలుండాలి. ప్రస్తుత నిబంధన భద్రపరచమంటుందే గానీ భద్రపరిచినదాన్ని పాఠకుడికి ఎలా ఇవ్వాలో చెప్పదు.

పార్లమెంటు కదిలే దాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రెండు రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖలు గ్రేట్ లైబ్రరీ చేసిన పనే చేయవచ్చు. ఒక పేజీ సర్క్యులర్ చాలు. 1960కి ముందు వచ్చిన పేరులేని వార్తలు అడిగినవారికి ఇవ్వండి. ఈ సంపాదకులు మరణించి 60 ఏళ్లు దాటింది, వీరి రాతలు ఇవ్వండి అని పేర్ల జాబితా. కోర్టు అవసరమైతే కేసు వివరం రాయించుకుని ఇవ్వండి. తర్వాతి కాలపు వ్యాసమైతే సొంత చదువుకేనని సంతకం తీసుకుని ఒక్కటే ఇవ్వండి. పేపరు మొత్తం నకలు ఎవరికీ ఇవ్వవద్దు. అనుమానం వస్తే పైఅధికారికి రాయండి, జవాబు వచ్చే దాకా తప్పు మీది కాదు. తెలుగులో, కౌంటరు మీద అద్దం కింద పెట్టుకోదగిన కాగితం. దాని మీద డైరెక్టరు సంతకం ఉంటే ఏ మూల ఊళ్లోని లైబ్రేరియన్ అయినా ధైర్యంగా "కూర్చోండి బాబూ, తీసిస్తాను" అనగలరు.

కాలం కూడా మన చేతిలో లేదు. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి పుస్తకాలు, పాత పత్రికలు తడిసిపోయాయి. వరద రాని చోట కూడా నష్టం ఆగదు, మెల్లగా జరుగుతుంది. ఒకే పేజీ కోసం ఏడాదిలో పదిమంది వస్తే ఆ బైండు పదిసార్లు తెరుచుకుంటుంది. మొదటిసారే చక్కగా ఒక నకలు తీసి ఉంచితే తొమ్మిదిసార్లు దాన్ని కదిలించే పనే ఉండదు.

సాయంత్రం పాఠకుడు వెళ్లిపోయాక బైండు మూసి, దారం కట్టి, బీరువాలో పెడతారు. బల్ల మీద గోధుమరంగు పొడి పలచగా మిగులుతుంది, అక్కడక్కడా గోరంత ముక్కలు, వాటి మీద అరకొరగా అక్షరాలు. అటెండరు వచ్చి తడిగుడ్డతో తుడిచేస్తాడు. మర్నాడు పొద్దున్న ఇంకొకరు వచ్చి అదే బైండు అడుగుతారు.